మన చేతిలో లేని వాల్యూమ్: వినికిడి పరీక్ష ప్రాజెక్టు డైరీ

జూన్ మూడో వారం

ఎవరి ఫోనుతో, ఎవరి ఇయర్‌ఫోన్స్‌తో వాళ్లు ఇంట్లోనే కూర్చుని వినికిడి పరీక్ష చేసుకునేలా ఒక వెబ్ పేజీ తయారు చేస్తున్నాం. కోడ్ నాది. పరీక్ష ఎలా ఉండాలో చెప్పేది సికింద్రాబాద్‌లో క్లినిక్ ఉన్న మా ఆడియాలజిస్ట్ (వినికిడి నిపుణురాలు) మేడమ్. రికార్డింగులు, కొలతలు సౌండ్ పని తెలిసిన మిత్రుడు చూసుకుంటున్నాడు. పేజీలో బటన్లు, ప్రశ్నలు, జవాబులు భద్రపరచడం అన్నీ కుదిరిపోయాయి. కుదరనిది ఒక్కటే, అసలు సంగతే అది. అవతలి మనిషి చెవిలో శబ్దం ఎంత గట్టిగా పడుతోందో మాకు తెలిసే దారి లేదు.

క్లినిక్‌లో ఈ ఇబ్బంది రాదు. బీప్‌లు వినిపించి, ఎంత చిన్నది వినగలరో చూసే యంత్రం ఆడియోమీటరు. దానికి ఫలానా హెడ్‌ఫోన్ అని ఉంటుంది, రెండింటినీ కలిపే కాలిబ్రేట్ చేస్తారు, అంటే తెలిసిన కొలతతో సరిచూసి పెడతారు. డయల్ మీద సున్నా అంటే చెవులు బాగున్న కుర్రవాళ్లు సగటున పట్టుకోగలిగే అతి చిన్న శబ్దం. ఎన్నో ఏళ్లుగా క్లినిక్‌లలో వాడుతున్న టీడీహెచ్-39 హెడ్‌ఫోన్‌లో 1000 హెర్ట్జ్ దగ్గర ఆ సున్నా నిజానికి 7 డెసిబెల్స్ శబ్దం. 250 హెర్ట్జ్‌కు దిగితే 25.5. లావు స్వరాల దగ్గర మన చెవికి అంత పదును ఉండదు కాబట్టి అక్కడ ఎక్కువ శబ్దం కావాలి. హెడ్‌ఫోన్ మోడల్ మారిందంటే ఈ పట్టికంతా మారుతుంది.

ఇక మా సంగతి. ఫైల్లో ఉన్న శబ్దం బ్రౌజర్లోంచి వెళ్లాలి, ఫోను వాల్యూమ్ దాటాలి, కంపెనీవాళ్లు పెట్టిన డాల్బీలు, ఈక్వలైజర్లు దాటాలి, ఫోనులోని ఆంప్లిఫయర్ దాటాలి, ఇయర్‌ఫోన్ దాటాలి, చివరికి చెవి రంధ్రంలో రబ్బరు టిప్ ఎంత బిగుతుగా కూర్చుందో దాన్నీ దాటాలి. ఇందులో మా చేతిలో ఉన్నది మొదటి మెట్టు ఒక్కటే. ఫోను వాల్యూమ్ ఎక్కడుందో వెబ్ పేజీ చదవలేదు, మార్చలేదు. ఐఫోన్ సఫారీలో ఆడియో ట్యాగ్‌కు వాల్యూమ్ తగ్గించమని రాసినా అది పట్టించుకోదు, వెబ్ ఆడియోలో గెయిన్ నోడ్ (కోడ్‌తోనే శబ్దం పెంచే, తగ్గించే భాగం) పెట్టుకోవాల్సిందే.

జూన్ ఆఖరు

కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి మన జనం నిజంగా వాడే ఇయర్‌ఫోన్స్ కొన్నాం. పేరున్నవి కొన్ని, పేరు లేనివి కొన్ని, పేరున్నదానికి నకలు అని చూడగానే తెలిసేవి కొన్ని. షాపతను బేస్ బాగా వస్తుందన్నవి విడిగా ఒక కవర్లో పెట్టుకున్నాం. మాకు కావలసింది ఆ తేడానే.

కొలత పద్ధతి సాదా. సౌండ్ లెవెల్ మీటరు, 1000 హెర్ట్జ్ దగ్గర 94 డెసిబెల్స్ ఇచ్చే కాలిబ్రేటర్, చెవి రంధ్రానికి బదులుగా వాడే 2 సీసీ కప్లర్ అనే చిన్న లోహపు గది. ఇయర్‌ఫోన్ మూతిని కప్లర్లో పెట్టి, చుట్టూ పుట్టీతో గాలి పోకుండా మూసి, ఒకే ఫోనులో ఒకే ఫైలు, వాల్యూమ్ ఒకే గీత మీద పెట్టి మోగించాం. అన్నిటికంటే మెల్లగా మోగినదానికీ గట్టిగా మోగినదానికీ తేడా పది డెసిబెల్స్ దాటింది. ఒకే ప్యాకెట్లోని ఎడమ, కుడి కూడా కొన్నిటిలో సమానంగా లేవు.

ప్యాకెట్ మీది అంకెలు చూసి సర్దుకుందామంటే అదీ కుదరదు. రెండింటి మీదా మిల్లీవాట్‌కు 100 డెసిబెల్స్ అనే ఉండొచ్చు. కానీ ఫోను ఇచ్చేది వోల్టేజి. ఒకే వోల్టేజికి 16 ఓమ్‌ల ఇయర్‌ఫోన్ 32 ఓమ్‌లదానికంటే రెట్టింపు పవర్ లాగుతుంది, అంటే 3 డెసిబెల్స్ ఎక్కువ మోగుతుంది. అంకె ఒకటే, శబ్దం వేరు.

పుట్టీ కొంచెం తీసి సన్నని సందు వదిలితే 1000 హెర్ట్జ్ పెద్దగా కదల్లేదు గానీ 250 హెర్ట్జ్ దబ్బున పడిపోయింది. చెవిలో టిప్ వదులుగా కూర్చున్నా జరిగేది ఇదే. అంటే చెవి బాగున్న మనిషికి కూడా తక్కువ ఫ్రీక్వెన్సీల్లో వినికిడి లోపం ఉన్నట్టు కాగితం మీద కనిపిస్తుంది. మేడమ్ ఈ గ్రాఫ్ చాలాసేపు చూశారు. "టిప్ సైజు చిన్నదైతే చాలు, లేని జబ్బు అంటగట్టేస్తాం" అన్నారు.

ఇంకొకటి రాసి పెట్టుకోవాలి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో మీడియా వాల్యూమ్ 15 మెట్లు, ఐఫోన్లో 16. ఆ మెట్లు డెసిబెల్స్‌లో సమానంగా ఉండవు. కింది మెట్ల దగ్గర ఒక్క గీతకే పెద్ద గెంతు ఉంటుంది. వాల్యూమ్ సగం పెట్టండి అని రాస్తే అది ఒక్కో ఫోనులో ఒక్కో అర్థం.

జులై మొదటి వారం

అసలు డెసిబెల్స్ తెలుసుకునే దారులు వెతికాం.

ఒకటి, ఫోను, ఇయర్‌ఫోన్ రెండూ మనమే ఎంచి, కొలిచి, కొరియర్లో పంపడం. ఖర్చుతో కూడినదైనా పక్కాగా ఉంటుంది. 2024లో యాపిల్ ఎయిర్‌పాడ్స్ ప్రో 2లో వినికిడి పరీక్ష ఇవ్వగలిగిందంటే ఫోను, సాఫ్ట్‌వేర్, ఇయర్‌బడ్ మూడూ తనవే కావడం వల్ల. మన దగ్గర ఎవరి ఇంట్లో ఏముంటే అదే.

రెండోది నాకు బాగా నచ్చింది. రెండు అరచేతులూ ముఖం ముందు పెట్టుకుని గబగబా రుద్దండి, ఆ శబ్దంతో సమానమయ్యేదాకా మా రికార్డింగును సర్దండి అని అడగడం. ఇందులో ఉన్న తెలివి చూడండి. వినికిడి తగ్గిన మనిషికి చేతుల శబ్దమూ తగ్గే వినపడుతుంది, ఇయర్‌ఫోన్ శబ్దమూ తగ్గే వినపడుతుంది. రెండూ ఆ చెవిలోంచే వెళ్తాయి కాబట్టి లోపం రెండు వైపులా కొట్టుకుపోయి, మిగిలేది పరికరం ఎంత గట్టిగా మోగుతోందన్న సమాచారం. గొంతుతో పోల్చమంటే ఇంత శుభ్రంగా రాదు, మన గొంతు ఎముకల గుండా కూడా లోపలికి చేరుతుంది.

మల్కాజ్‌గిరిలో మా బంధువుల ఇంట్లో ప్రయత్నించాం. పెద్దమ్మ అప్పుడే తలకు కొబ్బరినూనె రాసుకుని వచ్చి కూర్చుంది. చేతులు రుద్దితే చప్పుడే లేదు. సబ్బుతో కడుక్కుని తుడుచుకుని వచ్చాక సరసరమని వచ్చింది. పక్కింటాయన సిమెంటు పని చేస్తారు, ఆయన అరచేతులు రుద్దితే గది అవతలికి వినపడింది. పైగా ఇది ఎక్కువగా పై ఫ్రీక్వెన్సీల శబ్దం. వయసుతో ముందు తగ్గేది అక్కడే. కొందరు పెద్దవాళ్లకు చేతుల చప్పుడు ఆనదు, అప్పుడు పోల్చుకోవడానికేమీ ఉండదు.

ఈ పద్ధతిని పూర్తిగా వదిలెయ్యలేదు. ఎంత గట్టిగా మోగుతోందో ఉజ్జాయింపుగా చూసుకోవడానికి, ముఖ్యంగా ప్రమాదకరంగా ఎక్కువ లేదని తెలుసుకోవడానికి ఉంచాం. రిపోర్టులో డెసిబెల్స్ అని ముద్ర వేయడానికి ఇది చాలదు.

జులై, లష్కర్ బోనాల వారం

పరీక్షలు ఇళ్లలో జరుగుతాయి కాబట్టి ఇళ్లు ఎలా ఉంటాయో అలాగే లెక్కలోకి తీసుకోవాలి. ఈ వారం మైకులు, డప్పులు. మామూలు రోజుల్లో సీలింగ్ ఫ్యాను, మిక్సీ, గల్లీలో పాత సామాన్లు కొంటామనే రికార్డు, వాన పడితే రేకుల మీద చప్పుడు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో ఉంది. ఆ హద్దుకు లోబడి ఉన్న వీధి కూడా 10, 15 డెసిబెల్స్ బీప్ వినడానికి పనికిరాదు.

ఫ్యాను ఆపండి అని స్క్రీన్ మీద రాశాం. ఒకరిద్దరు ఆపారు, చెమటలు పట్టి మధ్యలోనే వేసేసుకున్నారు. వాళ్లను తప్పు పట్టలేం. ఫ్యాను హోరు 250, 500 హెర్ట్జ్‌లనే ఎక్కువగా కప్పేస్తుంది, వదులు టిప్ పాడు చేసేదీ అక్కడే. రెండూ ఒకేచోట దెబ్బ తీస్తాయి.

గదిలో రొద ఎంతుందో ఫోను మైకుతో చూద్దామని మిత్రుడు అన్నాడు. మైకు కూడా కాలిబ్రేట్ కానిదే. మైకు శబ్దాన్ని తనంతట తానే సర్దేసే ఆటో గెయిన్, నాయిస్ సప్రెషన్, ఎకో క్యాన్సిలేషన్ మూడూ ఆపమని బ్రౌజర్‌ను అడగాలి, అడిగినా అన్ని ఫోన్లూ వినవు. అంతకంటే పెద్ద చిక్కు బ్లూటూత్‌లో ఉంది. మైకు తెరవగానే చాలా ఇయర్‌బడ్స్ పాటల మోడ్ నుంచి కాల్ మోడ్‌కు మారిపోతాయి. శబ్దం మోనో అవుతుంది, లెవెల్ మారుతుంది, పాతవాటిలో 4 కిలోహెర్ట్జ్ పైన ఏదీ రాదు. రొద కొలవబోయి పరీక్షనే చెడగొట్టినట్టు. అందుకే మైకుతో చూసే పని ఇయర్‌ఫోన్స్ పెట్టుకోకముందే అయిపోవాలి, ఆ తర్వాత మైకు పూర్తిగా మూసెయ్యాలి. వైరు ఇయర్‌ఫోన్ ఉంటే అదే వాడమని అడుగుతున్నాం.

జులై ఆఖరు

ఈ వారం మా ఆలోచన మారింది. బీప్ టోన్ల పరీక్షను ముందు పెట్టుకుని కూర్చుంటే అవతలి చెవిలో ఎన్ని డెసిబెల్స్ అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతాం. రొద మధ్య పలికిన అంకెలు విని, అవేమిటో చెప్పే పరీక్ష వేరు. అక్కడ అడిగేది శబ్దం ఎంత చిన్నది వినగలరు అని కాదు, రొదకంటే మాట ఎంత కిందికి దిగినా పట్టుకోగలరు అని. మాట, రొద రెండూ ఒకే ఫైల్లో, ఒకే ఇయర్‌ఫోన్లో వెళ్తాయి. వాల్యూమ్ పెంచితే రెండూ పెరుగుతాయి, వాటి మధ్య తేడా అలాగే ఉంటుంది. నెదర్లాండ్స్‌లో 2003లోనే టెలిఫోన్ మీద ఇలాంటి పరీక్ష పెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తెచ్చిన హియర్‌డబ్ల్యూహెచ్‌వో యాప్ కూడా ఈ దారిలోదే.

బయటి రొద లెక్క కూడా ఇక్కడ తేలికవుతుంది. మా రొద కంటే గది రొద 10 డెసిబెల్స్ తక్కువుంటే మొత్తం మీద కలిసేది 0.4 డెసిబెల్. 20 తక్కువుంటే 0.04. అంటే ఫ్యాను తిరుగుతున్నా పరీక్ష నిలబడుతుంది. ఈ లెక్క కాగితం మీద వేసి చూసుకున్నప్పుడు నిజంగా ప్రాణం లేచొచ్చింది.

అంతమాత్రాన వాల్యూమ్ గోల పూర్తిగా తీరలేదు. మరీ చిన్నగా పెట్టుకుంటే రొద కూడా ఆ మనిషి వినికిడి హద్దు కిందికి పోతుంది, అప్పుడు కొలిచేది రొదలో మాట పట్టే శక్తిని కాదు. కాబట్టి రెండూ హాయిగా వినపడే స్థాయికి తెచ్చుకోవడం తప్పదు. ఆ సర్దుబాటు పార్టిసిపెంటే చేసుకోవాలి.

తెలుగు అంకెల గురించి ఒక్క మాట. ఎనిమిది పొడుగు మాట. రొదలో ముక్క కూడా అర్థం కాకపోయినా పొడుగును బట్టే చెప్పేయొచ్చు. అందుకని రెండక్షరాలవే తీసుకున్నాం: సున్నా, రెండు, మూడు, ఐదు, ఆరు, ఏడు. వీటిలోనూ ఒక్కోటి ఒక్కో స్థాయిలో మునుగుతుంది కాబట్టి అన్నీ సమానంగా కష్టమయ్యేలా విడివిడిగా కొద్దికొద్దిగా లెవెల్ సర్దాలి. రొదను కూడా అదే గొంతు రికార్డింగుల స్పెక్ట్రమ్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శబ్దం ఉందన్న లెక్క) నుంచే తయారు చేసుకున్నాం. మాటలో సగటుకూ శిఖరానికీ మధ్య చాలా తేడా ఉంటుంది, అందుకే సగటును ఫైలు మోయగల గరిష్ఠ స్థాయికి 20 డెసిబెల్స్ కింద ఉంచి పైన ఖాళీ వదిలాం. ఆ గరిష్ఠం దాటి శిఖరాలు తెగిపోతే (క్లిప్పింగ్) అంకె గరగరమంటుంది, మొత్తం లెక్క తప్పుతుంది.

ఆగస్టు రెండో వారం

వాల్యూమ్ సర్దుకునే స్క్రీన్ మీదే ఈ రెండు వారాలూ గడిచాయి. బయటికి చిన్న పనిలా కనిపిస్తుంది గానీ పరీక్ష అంతా దీని మీదే నిలబడింది.

స్లైడర్ మామూలుగా పెడితే సగం అంటే 6 డెసిబెల్స్ తగ్గడం మాత్రమే. పైసగమంతా కలిపి ఆ ఆరే, మిగిలిందంతా కింది అంచులో ఇరుక్కుంటుంది. దాన్ని డెసిబెల్స్ లెక్కన సమానంగా పరిచాం. అంకెలు, శాతాలు చూపించడం మానేశాం. కనపడితే జనం యాభై దగ్గరో వంద దగ్గరో ఆపుతారు, చెవి చెప్పింది వినరు.

ఎక్కడ మొదలుపెడితే అక్కడికి దగ్గర్లోనే ఆగడం మనుషులందరికీ అలవాటు. చిన్న శబ్దం నుంచి పెంచుకుంటూ వచ్చినవాళ్లు ముందే ఆగుతారు, పెద్ద శబ్దం నుంచి తగ్గించేవాళ్లు పైనే ఆగుతారు. అందుకే రెండు వైపుల నుంచీ అడిగి మధ్యది తీసుకుంటున్నాం. పై నుంచి దిగేటప్పుడు మొదలయ్యే చోటు మొదటిసారి వాళ్లు ఎంచుకున్నదానికి కొంచెం పైన మాత్రమే. దాన్ని దాటి ఒక్కసారి కూడా మోగించం.

రిటైరైన ఆర్టీసీ డ్రైవర్ ఒకాయన సాయం చేశారు. స్లైడర్ బాగా పైకి తీసుకెళ్లి ఆపారు. "ఇప్పుడు మంచిగ వినొస్తుంది బిడ్డా. ఇంకింత పెంచితే చెవుల గుయ్యిమంటది" అన్నారు. ఇంకొక్క గీత పెంచి చూపించారు కూడా, వెంటనే మొహం చిట్లించి ఇయర్‌ఫోన్ లాగేశారు. వినపడటం మొదలయ్యే చోటికీ భరించలేని చోటికీ మధ్య ఆయనకు ఉన్న స్థలం చాలా తక్కువ. లోపలి చెవి దెబ్బతిన్నవాళ్లలో కనిపించే సంగతే ఇది. ఇలాంటి మనిషికి అందరికీ ఒకే లెవెల్ అని గుడ్డిగా పంపితే గానీ, సరిగ్గా వినలేదని పది డెసిబెల్స్ అమాంతం పెంచితే గానీ బాధ పెడతాం. ఆ రోజే మెట్టు సైజు 2 డెసిబెల్స్‌కు దించేశాం.

హాయిగా ఉన్నచోట ఆపుకోవడం అంకెల పరీక్షకు మేలు చేస్తుంది, ఎందుకంటే లోపం ఉన్నవాళ్లు తమకు చాలినంత పెంచుకుంటారు. బీప్‌ల పరీక్షకు అదే హాని, పెంచుకున్నకొద్దీ లోపం కనపడకుండా పోతుంది. ఒకే స్లైడర్ రెండింటికీ వాడకూడదని కోడ్‌లోనే గట్టిగా విడదీశాను.

భద్రత గురించి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ (ఐటీయూ) కలిసి పెట్టిన ప్రమాణం పెద్దవాళ్లకు వారానికి 80 డెసిబెల్స్ చొప్పున 40 గంటలు. 3 పెరిగిన ప్రతిసారీ సమయం సగమవుతుంది. మా పరీక్ష కొన్ని నిమిషాలదే. అయినా అవతల ఉన్నది ఏ పరికరమో తెలియదు కాబట్టి మొదటి శబ్దం ఇయర్‌ఫోన్ చేతిలో ఉండగానే మోగుతుంది, తర్వాతే చెవిలో పెట్టుకోమంటాం.

ఆగస్టు ఆఖరు

ఇయర్‌ఫోన్స్ నిజంగా పెట్టుకున్నారా, స్పీకర్లో వింటున్నారా తెలుసుకోవాలి. హగిన్స్ పిచ్ అనే పరీక్ష ఒకటుంది. రెండు చెవులకూ ఒకే రొద పంపి, ఒక సన్నని ఫ్రీక్వెన్సీల పట్టీలో మాత్రం ఒక చెవికి వెళ్లే దాని ఫేజ్ (అలల ఎత్తుపల్లాల వరుస) మారుస్తారు. రెండు చెవులూ పనిచేస్తేనే లోపల ఒక స్వరం వినిపిస్తుంది. 2021లో దీన్ని ఆన్‌లైన్ ప్రయోగాల కోసం ప్రతిపాదించారు, స్పీకర్లను బాగా పట్టేస్తుంది. మాకు మాత్రం వద్దు. ఒక చెవి వినపడని మనిషి ఇందులో తప్పుతాడు. ఎవరి కోసం ఈ పని మొదలుపెట్టామో వాళ్లనే గుమ్మం దగ్గర ఆపినట్టవుతుంది.

2017 నాటి పాత పద్ధతి తీసుకున్నాం. మూడు 200 హెర్ట్జ్ టోన్లలో ఏది చిన్నగా ఉందో చెప్పమంటారు. వాటిలో ఒకదాని ఎడమ, కుడి ఎదురుబొదురు ఫేజ్‌లో ఉంటాయి. స్పీకర్లలో వింటే అవి గాలిలో ఒకదాన్నొకటి చంపుకుని అదే చిన్నగా వినిపిస్తుంది, జవాబు తప్పుతుంది. ఇయర్‌ఫోన్లో ఒక్క చెవితో విన్నా సరైన జవాబు చెప్పొచ్చు. మేడమ్ ఇక్కడ ఒక మంచి సంగతి పట్టుకున్నారు. ఒక చెవి పోయినవాళ్లు చాలామంది ఫోనులో మోనో ఆడియో ఆన్ చేసుకుంటారు, రెండు వైపుల పాటా ఒకే చెవికి రావాలని. అది ఆన్‌లో ఉంటే ఎదురు ఫేజ్‌లు ఫోనులోనే కలిసి మాయమవుతాయి, ఇయర్‌ఫోన్ పెట్టుకున్నా తప్పుతారు. అందుకని తప్పినవాళ్లను పంపెయ్యకుండా, మోనో సెట్టింగ్ ఎక్కడుంటుందో బొమ్మతో చూపించి ఇంకోసారి అవకాశం ఇస్తున్నాం.

సెప్టెంబరు

రిపోర్టులో ఏం రాయాలన్నది తేలింది. డెసిబెల్స్ రాయం. లోపం మైల్డ్ (కొద్దిగా), మోడరేట్ (ఓ మోస్తరు) అనే మాటలూ రాయం, అవి క్లినిక్ కొలతకు చెందినవి. క్లినిక్‌లో చూపించుకోండి, లేదా ఈ పరీక్షలో ఇబ్బంది కనిపించలేదు, లేదా మళ్లీ చేయండి, ఈ మూడింటిలో ఒకటి. చూపించుకోవాలన్న చోట కోఠి ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి, మనోవికాస్ నగర్‌లోని అలీ యావర్ జంగ్ జాతీయ వాక్, వినికిడి సంస్థ ప్రాంతీయ కేంద్రం పేర్లు కూడా పెడుతున్నాం. ఎక్కడికి వెళ్లాలో తెలియక ఏళ్ల తరబడి టీవీ సౌండ్ పెంచుకుంటూ కూర్చునేవాళ్లు ఎంతమందో మేడమ్ చెబుతుంటే మనసు చివుక్కుమంటుంది.

బీప్‌ల భాగాన్ని పూర్తిగా తీసెయ్యలేదు. ఒకే మనిషి, అదే ఫోను, అదే ఇయర్‌ఫోన్ అయితే ఆరు నెలల తర్వాత మార్పు ఉందా అని చూడటానికి పనికొస్తుంది. కుడి, ఎడమ తేడా చూడాలంటే హెడ్‌సెట్ తిప్పి పెట్టుకుని మళ్లీ చేయమంటాం. తేడా చెవితో పాటే ఉంటే అది చెవిది, హెడ్‌సెట్‌తో పాటు అటు మారితే హెడ్‌సెట్‌ది.

వినాయక నిమజ్జనం అయ్యాక అసలు పోలిక మొదలుపెడతాం. వచ్చేవాళ్లు ముందు ఇంట్లో పరీక్ష చేసుకుని, అదే ఫోను, అదే ఇయర్‌ఫోన్ పట్టుకుని క్లినిక్‌కు రావాలి. అక్కడ మేడమ్ బూత్‌లో (బయటి చప్పుడు రాని చిన్న గదిలో) ఆడియోమీటరుతో ఒకసారి చూస్తారు, నేను వాళ్ల ఇయర్‌ఫోన్ కప్లర్లో పెట్టి వాళ్లు ఎంచుకున్న వాల్యూమ్ నిజంగా ఎంతో కొలుస్తాను. ఇంట్లో పరీక్ష అవ్వగానే వాల్యూమ్ బార్ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోమని, టిప్స్ మార్చొద్దని, వచ్చే దారిలో పాటలు వింటే మళ్లీ ఆ గీతకే తెచ్చుకోమని వాట్సాప్ మెసేజ్ రాశాం. చదవడం కష్టమయ్యేవాళ్ల కోసం అదే మెసేజ్‌ను వాయిస్‌గా కూడా పెడుతున్నాం, కానీ వినికిడి తగ్గినవాళ్లకు అదీ ఇబ్బందే. కాబట్టి ఇంట్లో ఇంకెవరి నంబరైనా ఒకటి తీసుకుంటున్నాం.